ఖని గాలి: ఒక వలసకొంగ ఆత్మకథ

నేను వలసకొంగను. మీ పొలం గట్ల మీద కనిపించే చిన్న తెల్లకొంగను కాదు. రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్ల దాకా ఉంటాను. ఒళ్లు తెలుపు, రెక్కల అంచులు నలుపు, కాళ్లు ఎరుపు. ముక్కు మీద మాత్రం పసితనపు నలుపు ఇంకా కాస్త మిగిలే ఉంది. పుట్టింది ఉజ్బెకిస్తాన్‌లోని ఫెర్గానా లోయలో, ఒక కరెంటు స్తంభం మీది గూట్లో. నిరుడు పెద్దవాళ్ల వెంట హిందూకుష్ కనుమలు దాటి ఈ దేశం వచ్చాను. మా పిల్లలకు తొలి శీతాకాలమంటే పరదేశంలో పని నేర్చుకునే కాలం. మీ పిల్లలు ఇంటర్న్‌షిప్ అంటారే, అదే. నేర్చుకోవాల్సిందల్లా ఒక్కటే: రెక్క ఆడించకుండా ఎగరడం.

ఆ విద్య నాకు బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో పట్టుబడింది. పొద్దున యాసంగి మడుల్లో కప్పలనూ మిడతలనూ ఏరుకుని కడుపు నింపుకుంటాం. మంచు విడిపోయి, ఎండ ముదిరే వేళకు ఓపెన్‌కాస్ట్ గని వైపు లేస్తాం. పచ్చని పొలం కన్నా నల్లని నేల తొందరగా కాగుతుంది. దాన్ని అంటుకున్న గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. కంటికి కనపడదు, పొట్ట కింద తెలుస్తుంది. ఒక రెక్క కొంచెం ఎక్కువగా పైకి తేలిందా, గాలి అటే లేస్తోందని అర్థం. వెంటనే అటు ఒరిగి, ఆ గాలి దాటిపోకుండా చుట్లు తిరగాలి. ఒక్కో చుట్టుకూ కింద మెట్లు మెట్లుగా తవ్విన గని చిన్నదవుతూ పోతుంది. షావెల్ ఎత్తి పోసిన మట్టితో వంద టన్నుల డంపర్లు ఎర్రటి దారి వెంట వరసగా ఎక్కుతుంటాయి. పైకి వెళ్లాక రెక్కలు బిగించి, కావాల్సిన దిక్కుకు జారిపోవడమే. నీళ్ల మీద ఈ గాలి లేవదు. అందుకే గోదావరి దాటే ముందు ఈ ఒడ్డు గనుల మీదే ఎత్తు సంపాదించుకుని, అవతల శ్రీరాంపూర్ గనుల దాకా జారుతాం.

మనిషికి ఈ విద్య నేర్పింది మా జాతే. గర్వంగానే చెబుతున్నాను. జర్మనీలో ఒట్టో లిలియంతాల్ అనే ఇంజినీరు మా రెక్క వంపును ఏళ్ల తరబడి గమనించి, కొలిచి, 1889లో పుస్తకం రాశాడు. ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ ఏడాదే. ఆయన తొలి పేటెంటు కూడా గనుల్లో వాడే యంత్రానికే. 1894లో బెర్లిన్ శివారులో, ఇటుకల కార్ఖానా తవ్విపోసిన మట్టితో 15 మీటర్ల గుట్ట పోయించి, దాని మీంచి గ్లైడర్‌తో గాల్లోకి దూకేవాడు. 1896 ఆగస్టులో మరో కొండ మీంచి ఎగురుతూ కూలి, మరునాడు కన్నుమూశాడు. ఇక్కడ గని తవ్విన మట్టి పోసిన ఓబీ గుట్టల అంచున గాలి కొట్టుకుని పైకి లేచినప్పుడల్లా నాకు ఆ మనిషే గుర్తొస్తాడు. ఎంత ప్రేమ లేకపోతే మట్టికుప్ప మీంచి ఆకాశాన్ని వెతుక్కుంటాడు!

శివరాత్రి వెళ్లింది. ఇంకొన్ని వారాల్లో తిరుగు ప్రయాణం. నేర్చుకోవడం అయిపోయింది కనుక ఇప్పుడు చూడటానికే ఎగురుతున్నాను. ఒకరోజు రామగిరి ఖిల్లా బురుజుల మీదుగా వెళ్లాను. ఒకరోజు ఎల్లంపల్లి ప్రాజెక్టు 62 గేట్ల వెంట ఈ చివర నుంచి ఆ చివరకు జారాను. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరి పాత రన్‌వే చూశాను. ఒకప్పుడు అక్కడ వాయుదూత్ విమానాలు దిగేవి. ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం రిజర్వాయరు మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతుంటాయి, 2022 నుంచి. అన్నిటికన్నా నాకు ఇష్టమైన దృశ్యం మాత్రం షిఫ్టు మారే వేళ ఖని. బాయి నుంచి పైకొచ్చి, టోపీ తీసి, ఒక్క క్షణం ఆకాశంలోకి చూసే మనుషులు. ఎనిమిది గంటలు చీకట్లో ఉన్నవాళ్లకు ఈ వెలుగు ఎంత విలువో పైనుంచి చూస్తున్నా తెలుస్తుంది.

వాళ్లు తీసిన బొగ్గే 1983 నుంచి ఆ ఎన్టీపీసీలో కరెంటవుతోంది. ఆ కరెంటు తీగలే మాకు గండం. ఎగిరేటప్పుడు మా చూపు తిండి కోసం నేల మీద ఉంటుంది, ఎదుటిది సరిగా ఆనదు. పెద్ద టవర్ల మీద అన్నిటికన్నా పైన ఉండే సన్నని ఎర్త్ వైరు అసలే కనపడదు. నాతో కనుమలు దాటి వచ్చిన నేస్తం ఒక మసక పొద్దున దానికే తగిలి వరిమడిలో పడింది. కొంతసేపు ఒక రెక్కే కొట్టుకుంది. మడిలో కలుపు తీస్తున్న ఒక అమ్మ దాని ముక్కు తడిపింది. బతకలేదు.

లైన్ల మీద పనిచేసే అన్నలారా, ఆ తీగలు తీసేయమని అడగడం లేదు. నేను పుట్టిందే కరెంటు స్తంభం మీద. నది దాటే చోట, చెరువుల పక్కన, పై తీగకు గాలికి తిరుగుతూ మెరిసే పలకలు కట్టండి. రాజస్థాన్‌లో బట్టమేక పిట్ట కోసం అలాంటివే కట్టారు. వచ్చే చలికాలం నా వెంట కొత్త పిల్లలు వస్తారు, ఆలోపే కట్టండి.