నీలం టిక్కుల హాజరు

నా దగ్గరొక నోటుబుక్కు ఉంది. ఎవరికీ చూపించను. రోజూ పడుకునే ముందు వాట్సాప్ గ్రూపు తెరిచి, నేను పంపిన పాఠాన్ని ఎవరెవరు ఎన్నింటికి చూశారో అందులో ఎక్కించేవాణ్ణి. నీలం టిక్కు పడిందంటే హాజరే.

అది 2021 వానాకాలం. సూరత్ కతర్‌గామ్‌లో మరమగ్గాల సాంచెలు మళ్లీ ఆడుతున్నాయి, వజ్రాలు సానబట్టే ఘంటీలు తిరుగుతున్నాయి. కరోనాకు మూసిన చిన్న క్లాసుల బడులు మాత్రం తెరవలేదు. సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మీడియం కూడా ఉంది. అక్కడ చదివే మా గల్లీ పిల్లలు పన్నెండు మంది గుణింతాలు మరిచిపోతారని నాకు బెంగ. ఫోను గోడకు ఆనించి, మీసం దువ్వుకుని, రోజుకో పాఠం తీశాను.

గొప్పలకూ తక్కువ లేదు. 1975లో నాసా ఉపగ్రహం సాయంతో, సైట్ అనే పేరున, ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకు ఏడాదిపాటు టీవీ కార్యక్రమాలు వేశారు. మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లకు తెలుగులోనే. అప్పుడు ఊరికో టీవీ, ఇప్పుడు ఇంటికో ఫోను, ఇంకేం కావాలని దొరికినవాడికల్లా చెప్పాను. ఆ టీవీ బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టినచోటే ఉండేదని, ఇంటికున్న ఒక్క ఫోనూ నాన్న జేబులో పన్నెండు గంటల డ్యూటీకి పోతుందని నా బుర్రకు తట్టలేదు.

ఒక పిల్ల వరసగా రాత్రి రెండింటికి చూసేది. ఎనిమిదేళ్లది! ఎంత శ్రద్ధోనని మురిసిపోయి, రంగు పెన్సిళ్ల డబ్బా కొనుక్కుని వాళ్లింటికి వెళ్లాను. 'కృ' రాయమన్నాను.

“గదేంది సారూ?” అంది.

నాకు ఒళ్లు మండింది. నోటుబుక్కు తీసి తేదీలూ టైములూ చదివాను, దొంగను పట్టుకున్న జమేదారులాగా. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న వాళ్ల నాన్న లేచి కూచున్నాడు.

“అది జూడలే సారూ, నేనే జూసిన. ఫోన్ నా తాననే ఉంటది గద. నిద్ర రావొద్దని జూస్త.”

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

“మరి పాఠం ఎలా ఉంది?”

“సాంచెల మోతల ఏమినవడ్తది సారూ? మీ మీసం లేస్తాంది, పడ్తాంది. గదే జూస్తుంటి.”

పెన్సిళ్లు పిల్ల చేతిలో పెట్టి బయటపడ్డాను. మిగతా పదకొండు ఇళ్లకు వెళ్లలేదు.