నన్ను ఎవరమ్మాలి?

నేను ఆర్మూరులో పసుపు పైసలతో లేచిన గూనపెంకుల ఇల్లును. నా పెద్ద అర్ర నిండా ఏటా ఎండిన కొమ్ముల బస్తాలుండేవి. నన్ను కట్టించిన పెద్దాయన వీలునామా రాయకుండానే పోయాడు. కొడుకు దుబాయిలో, బిడ్డ నిజామాబాద్‌లో. అవ్వ ఒక్కతే నాతో మిగిలింది. మోకాళ్లు మొరాయించాక బిడ్డ దగ్గరికి పోదామనుకుంది. నన్ను అమ్మాలన్న మాట అప్పుడే పుట్టింది.

"బ్రోకరెందుకవ్వా, గోడ మీద నంబరు రాపియ్యి," అన్నాడు కొడుకు ఫోన్‌లో.

రాయించింది. వచ్చినవాళ్లంతా వాడకట్టువాళ్లు, వరుసైనవాళ్లు. చాయ్ తాగి "ఇంటోళ్లమే గదా, జర చూసి చెప్పు" అన్నారు. వాళ్లడిగిన ధర నా కింది జాగాకు కూడా చాలదు. కాదంటే మనసులు విరుగుతాయని అవ్వ నోరు మెదపలేదు. చుట్టరికం ఉన్నచోట బేరం సాగదు. ఆమె తరఫున గట్టిగా మాట్లాడే మూడో మనిషి కావాలని నాకప్పుడే అనిపించింది.

పసుపుకు ఈ చిక్కు లేదు. నిజామాబాద్ యార్డు 2016లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ మొదలైనప్పుడే అందులో చేరింది. ఒక్కో కుప్పకు ఎందరో వ్యాపారులు ధర వేస్తారు, ఎక్కువ వేసినవాడిదే సరుకు. ఆనాటి ధర రైతులందరికీ తెలుస్తుంది. ఇంటికి అలాంటి యార్డు లేదు. పక్కిల్లు అమ్ముడైనా కాగితం మీద రాసుకున్న ధర ఒకటి, చేతులు మారింది మరొకటి. అసలు ధర తెలిసేది నాలుగు బేరాలు కుదిర్చిన మనిషికే.

మొదట వచ్చిన బ్రోకరు నా గోడలైనా సరిగా చూడలేదు. "నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది, రేట్లు లేస్తయి. నీకు ఇంత ఇప్పిస్త, పైన ఎంతొచ్చినా నాది" అన్నాడు. పైన ఎంతొస్తుందో అవ్వకు ఎన్నటికీ తెలియని ఒప్పందమది. కొడుకు తరఫున సంతకం పెట్టే హక్కిచ్చే జీపీఏ కూడా దుబాయి నుంచి తన పేరు మీదే తెప్పించమన్నాడు. బిడ్డ అడ్డుపడింది. ఆమె చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

రెండో ఆయన ఒక శాతం అడిగాడు. ఇక్కడా ఒక లెక్క ఉంది. నా ధర ముప్పై లక్షల మీద ఇంకో లక్ష పెరిగితే ఇంటివాళ్లకు లక్ష, ఆయనకు వెయ్యి. ఆ వెయ్యి కోసం ఇంకో రెండు నెలలు ఎందుకు తిరుగుతాడు? త్వరగా తెగడమే ఆయనకు లాభం. అందుకే మనుషులను తేవడం ఆయన పని, ధర దగ్గర ఆగడమా దిగడమా అన్నది ఇంటివాళ్ల పని కావాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, రెరా, ఏజెంట్లు నమోదు కావాలంటుంది గానీ, అది నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించేవాళ్లకు. నాలాంటి పాత ఇంటి బేరానికి ఆ కాపలా లేదు. బిడ్డ కాగితం రాయించింది: ఒక్క శాతమే, అదీ రిజిస్ట్రేషన్ అయ్యాకే.

కాగితాల పని మాత్రం వకీలుకే అప్పజెప్పారు. "ఆడబిడ్డ సంతకమెందుకు" అని బ్రోకరు తేలిగ్గా అన్నాడు. పెద్దాయన సొంత సంపాదన గనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అవ్వకు, కొడుక్కు, బిడ్డకు సమాన వాటాలు. బిడ్డ సంతకం లేని దస్తావేజును వకీలు ముట్టనన్నాడు. కొడుకు దుబాయిలోని భారత కాన్సులేటులో ధ్రువీకరించి పంపిన జీపీఏ చెల్లెలి పేరు మీద వచ్చింది. అలాంటి కాగితానికి దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఉత్త జీపీఏతో ఇల్లు చేతులు మారదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి సేల్ డీడే రాశారు. కొనేవాళ్లు సగం నగదు ఇస్తామన్నారు. స్థిరాస్తి బయానా ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం 2015 నుంచి చట్టవిరుద్ధమని వకీలు చెప్పాక అంతా బ్యాంకు దారిలోనే వచ్చింది.

కొన్నది మామిడిపల్లి వైపు నుంచి వచ్చిన కుటుంబం. గోడ మీది నంబరు వాళ్ల కంట పడేదే కాదు, వాళ్లను తెచ్చింది బ్రోకరే. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు నూటికి ఏడున్నర వాళ్లే కట్టుకున్నారు.

రిజిస్ట్రేషన్ నాటి రాత్రి కొడుకు ఫోన్ చేసి, "ఒక్కల్ని చూపిచ్చినందుకు ముప్పై వేలా?" అన్నాడు.

"ఆ ఒక్కల్ని నువ్వు దుబాయిల ఉండి తెచ్చినవా బిడ్డా? మాటిచ్చినం, ఇచ్చెయ్యి," అంది అవ్వ.