జోన్ మారింది, నంబరు జారింది

2024 మే 7 రాత్రి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు 300 మంది క్యాబిన్ సిబ్బందికి ఒక్కసారే ఒంట్లో బాగోలేకుండా పోయింది. మర్నాటికి 80కి పైగా విమానాలు ఆగిపోయాయి. ఏ డాక్టరుకూ అంతుపట్టని ఆ అంటురోగం పేరు విలీనం. పాత ఎయిర్ ఏషియా ఇండియాను తెచ్చి తమ సంస్థలో కలుపుతుంటే తమ హోదాలు, సీనియారిటీ ఏ గంగలో కలుస్తాయోనన్నది వాళ్ళ దిగులు. పాతిక మందిని యాజమాన్యం ఉద్యోగంలోంచి తీసేసింది. ఢిల్లీలో లేబర్ కమిషనర్ ముందు కూర్చోగానే మళ్ళీ తీసుకుంది. జ్వరం కూడా తగ్గింది. ఆ రోజు ఎక్కువ దెబ్బ తిన్నది కేరళ ప్రయాణికులే అయినా, దుబాయి విమానం ఆగితే ఏమవుతుందో గల్ఫ్ వలసల జగిత్యాలకు, కోరుట్లకు, సిరిసిల్లకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. అదే రోగం అంతకు రెండున్నరేళ్ళ ముందే ఈ ఊళ్ళ సర్కారీ బడులకూ కచేరీలకూ సోకింది. కాకపోతే ఇక్కడ దాని పేరు ఒక నంబరు: 317.

2016 అక్టోబర్ 11న దసరా నాడు పాత కరీంనగర్ జిల్లాను ముక్కలు చేసి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టించారు. కొన్ని మండలాలు సిద్దిపేటకూ ఓరుగల్లు వైపుకూ పోయాయి. ముసాయిదాలో పేరే లేని సిరిసిల్ల కొట్లాడి మరీ జిల్లా అయింది. కలెక్టరేట్లు వచ్చాయి, బోర్డులు మారాయి, మిఠాయిలు పంచారు. ఉద్యోగులు మాత్రం పాత జిల్లా, పాత జోను లెక్కల్లోనే ఉండిపోయారు. 2018 ఆగస్టులో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక జోన్లూ మారిపోయాయి. జగిత్యాల ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్‌లతో కలిసి బాసర జోన్ అయింది. సిరిసిల్ల కరీంనగర్, సిద్దిపేట, మెదక్, కామారెడ్డిలతో రాజన్న జోన్ అయింది. పెద్దపల్లి కాళేశ్వరం జోన్‌కు వెళ్ళింది. నిన్నటిదాకా ఒక్క కలెక్టర్ కింద పనిచేసిన వాళ్ళు సరస్వతి, రాజన్న, ముక్తీశ్వరుల మధ్య వాటాలయ్యారు. దేవుళ్ళు మనుషుల్ని పంచుకోవడం పురాణాల్లోనూ ఉంది గానీ, అక్కడ ఆప్షన్ ఫారం నింపమని అడగలేదు.

ఆ పంపకాన్ని అమలు చేసిందే 2021 డిసెంబర్ 6 నాటి జీవో 317. ఉత్తర్వు వచ్చాక మూడేళ్ళకు పైగా నిద్రపోయిన ఫైలు ఒక్కసారి లేచి, మీ జిల్లా మీరే కోరుకోండి అంటూ కొద్ది రోజుల గడువిచ్చింది. కోరుకోవచ్చు, దొరికేది మాత్రం సీనియారిటీ వరుసలో. వైకల్యం, వితంతువులు, తీవ్ర వ్యాధుల కోటాలు పోగా పైనున్న వాళ్ళు ఇష్టమైన చోటు పట్టుకుంటే, మిగిలింది కిందివాళ్ళకు. పుట్టిన ఊరికి ఆ లెక్కలో చోటే లేదు. నియామకాల్లో స్థానికుడికి అన్యాయం జరిగిందని 1969 నుంచి కొట్లాడి, 1985 నాటి జీవో 610ని కంఠస్థం చేసి సాధించుకున్న రాష్ట్రం, తన మొదటి పెద్ద ఉద్యోగ పంపకంలో స్థానికతనే అడగడం మరిచిపోయింది. 2022 జనవరి 2న దీని మీదే కరీంనగర్‌లో బీజేపీ నాయకుడు బండి సంజయ్ జాగరణ దీక్షకు కూర్చుంటే పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. ప్రభుత్వానికి ఆ ఫైలు మీద మూడేళ్ళు పట్టని మెలకువ ఆ ఒక్క రాత్రి పట్టింది.

ఇంతవరకూ అందరికీ తెలిసిన గోలే. కింద దాగిన చిక్కు ఇంకొకటుంది. జిల్లా పోస్టుల్లో పాత జాబితాను చీల్చారు గానీ, జోనల్ పోస్టుల్లో చేసింది అచ్చంగా విలీనమే. పాత లెక్కలో కరీంనగర్, ఆదిలాబాద్ ఐదో జోన్. నిజామాబాద్, మెదక్ ఆరో జోన్. బాసర జోన్‌లోనూ రాజన్న జోన్‌లోనూ ఈ రెండు వరుసల వాళ్ళూ ఒకే వరుసలో నిలబడాలి. ఎవరి వెనక ఎవరు? నియామక తేదీ చూస్తే సరిపోదా అంటారు. రెండు వరుసలూ ఒకే వేగంతో కదిలి ఉంటే సరిపోయేది. ఒక జోన్‌లో ఖాళీలు ముందే వచ్చి, 2009లో చేరిన వ్యక్తి 2012లో ప్రమోషన్ పొందాడనుకుందాం. పక్క జోన్‌లో ఖాళీలు రాక, 2002లో చేరిన వ్యక్తి అదే మెట్టు 2015లో ఎక్కాడనుకుందాం. ప్రమోషన్ పోస్టులో చేరిన తేదీ చూస్తే ఏడేళ్ళు ముందున్నవాడు వెనక్కి పోతాడు. మొత్తం సర్వీసు చూస్తే మూడేళ్ళు ముందే ఆ కుర్చీ ఎక్కినవాడు కిందికి జారతాడు. తప్పు ఇద్దరిదీ కాదు. సీనియారిటీ అంటే మనిషి విలువ అనుకుంటాం గానీ, సగం వరకు అది మన జోన్‌లో ఎవరు ఎప్పుడు రిటైరయ్యారన్న లెక్క.

పైలట్ల లోకం ఈ లెక్కలో మనకంటే చాలా ముందే తలలు పగలగొట్టుకుంది. అమెరికాలో 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. మొదటిది ఉద్యోగులను ఇళ్ళకు పంపుతున్న పాత సంస్థ, రెండోది కొత్తవాళ్ళను చేర్చుకుంటున్న చిన్న సంస్థ. 2007లో మధ్యవర్తి జార్జ్ నికొలావ్ తీర్పు ప్రకారం, పనిలేక ఇంట్లో కూర్చున్న సీనియర్లు కొందరు నిన్న మొన్న చేరిన కుర్రాళ్ళ కింద తేలారు. పాత సంస్థ పైలట్లు ఏకంగా తమ యూనియన్‌నే మార్చేసుకున్నారు. 2013లో ఆ సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసేనాటికి కూడా రెండు జాబితాలూ విడిగానే ఎగురుతున్నాయి. మన దేశంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ ఇండియాలో కలిపింది 2007లో. ఉద్యోగులను ఎలా కలపాలో చెప్పమని జస్టిస్ ధర్మాధికారి కమిటీని వేసింది 2011లో. మధ్యలో నాలుగేళ్ళు ఏం చేశారంటే, విమానాలకు ఒకే రంగు వేశారు. 2012 మేలో కొత్త డ్రీమ్‌లైనర్ మీద శిక్షణ ఎవరికి ముందన్న తగవుతో పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు.

ఏ సూత్రం పెట్టినా ఎవరో ఒకరు ఏడుస్తారు కాబట్టి తొందరగా కానిచ్చేయడమే మేలన్నది సచివాలయం వాదన. మొదటి సగం నిజం. తేదీ సూత్రం ఒకరిని ముంచుతుంది, మొత్తం సర్వీసు ఇంకొకరిని. నిష్పత్తి సూత్రం కూడా ఉంది: వంద మంది జాబితాలోంచి ఇద్దరు, యాభై మంది జాబితాలోంచి ఒకరు చొప్పున అల్లుకుంటూ పోతే, ఎవరి పాత వరుసలో ఎవరు ఎంత పైన ఉన్నారో కొత్తదాంట్లోనూ అంతే పైన ఉంటారు. దాంట్లోనూ నష్టపోయేవాళ్ళుంటారు. అయితే నష్టం ఎవరికన్నది తెలియకముందు సూత్రం రాసుకోవడం వేరు, తెలిశాక రాయడం వేరు. 1956లో రాష్ట్రాలు కలిపేటప్పుడు ఢిల్లీలో చీఫ్ సెక్రటరీలు కూర్చుని పోస్టులను పోల్చడానికి నాలుగు కొలతలు పెట్టుకున్నారు: పని స్వభావం, అధికారాలు బాధ్యతలు, కనీస అర్హత, జీతం. ఆ ఏటి రాష్ట్రాల పునర్విభజన చట్టం 115వ సెక్షన్, కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే ఉద్యోగుల సర్వీసు షరతులను వాళ్ళకు నష్టం కలిగేలా మార్చొద్దంది. ఆ తర్వాత జరిగింది మనకు తెలియనిది కాదు, కోర్టులు ఖాళీగా ఏమీ లేవు. అయినా కొలత ముందుండటం వల్ల, కోర్టులో కనీసం ఫలానా కొలత తప్పారు అని చెప్పుకోవడానికి ఒక వాక్యం ఉండేది. 317లో అర్జీదారుడు చెప్పుకోగలిగింది తన బాధ ఒక్కటే.

స్థానికత చూస్తే చాలు, గొడవే ఉండదన్నది ఇంకో వాదన. ఇది వినసొంపుగా ఉంది గానీ లెక్కకు నిలవదు. పాత జిల్లాలో ఒక్కో ఊరి నుంచి ఎందరు ఉద్యోగాల్లోకి వచ్చారో, కొత్త జిల్లాకు అన్ని పోస్టులే ఉండవు. అందరూ సొంతూరికే పోతే కొన్ని జిల్లాల్లో కుర్చీలు చాలవు, కొన్నింటిలో బడులకు సార్లుండరు. స్థానికతకు కొంత తూకం ఇవ్వాలి, అంతే. ఆ తూకమెంతో ముందే చెప్పాలి. సంఘాల సంగతి కూడా మాట్లాడుకోవాలి. ప్రతి సంఘం దగ్గరా న్యాయమైన సూత్రం ఒకటుంది. అది చిత్రంగా తన సభ్యులను పైకి తెచ్చే సూత్రమే అవుతుంది. డీఎస్సీ మెరిట్ అనేవాళ్ళు ఏ ర్యాంకువాళ్ళో, చేరిన తేదీ అనేవాళ్ళు ఎప్పుడు చేరారో అడిగితే చర్చ అక్కడే ఆగిపోతుంది.

సిరిసిల్లలో మరమగ్గం నడిపే ఎవరినడిగినా చెప్తారు, పడుగు సాఫీగా చుట్టకుండా పేక తోస్తే గుడ్డ మీటరు కూడా సాగదని. ఇక్కడ జాబితా పడుగు, మ్యాపు పేక. మనం మ్యాపు తోసి ఐదేళ్ళయ్యాక పడుగు వెతికాం. ఆ తర్వాత మంత్రివర్గ ఉపసంఘం వేసి, 2024 నవంబర్ చివర్లో స్పౌజ్, మెడికల్, మ్యూచువల్ అంటూ ఒక్కో తెగిన దారాన్నీ ముడేశాం. అప్పటికి భార్య ఒక జిల్లాలో, భర్త ఒక జిల్లాలో మూడో విద్యా సంవత్సరం నడుస్తోంది. జాబితా ముందు తయారుచేసి, గోడ మీద అంటించి, అభ్యంతరాలకు మూడు నెలలిచ్చి, తుదిజాబితా వచ్చాకే అలాట్‌మెంటు మొదలుపెడితే ఖర్చయ్యేది కాగితమే. అప్పుడూ ఏడ్చేవాళ్ళుంటారు, కాకపోతే ఎందుకు ఏడుస్తున్నారో వాళ్ళకూ తెలుస్తుంది, ప్రభుత్వానికీ తెలుస్తుంది. జిల్లాలు తగ్గిస్తారనో, హద్దులు మారుస్తారనో పుకారు పుట్టినప్పుడల్లా కోరుట్ల టీచర్లు జగిత్యాల ఎటు పోతుందని అడగరు. పాత ఆరో జోన్ వాళ్ళు ఎంతమంది వస్తున్నారని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే ఫైలు సచివాలయంలో ఇంకా తెరవలేదు.