పావంగుళం

మా క్లాసుకి కుట్టు నేర్చుకోవడానికి వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమంది మిషను మీద ఇష్టంతో రారు, టైలరు మీద కోపంతో వస్తారు. శుక్రవారం ఇస్తానన్న జాకెట్టు పై శుక్రవారానికీ ఇవ్వలేదని ఒకరు, చంకలో పట్టేసిందని ఒకరు, భుజం జారిపోతోందని ఒకరు, మీటరు గుడ్డ ఇస్తే పేలిక కూడా మిగల్చలేదని ఇంకొకరు. రిజిస్టర్లో పేరు రాసుకునేలోపు ఆ కథంతా వినాలి. నేను వింటాను. మధ్యలో అడ్డురాను. రాజమండ్రిలో టైలరింగు క్లాసు నడపాలంటే ముందు చెవులుండాలి, కత్తెర తర్వాత సంగతి.

లోయరు, హయ్యరు రెండు గ్రేడులూ పాసయ్యాను. ఆపైన వేసవిలో 42 రోజుల టీటీసీ ట్రైనింగూ పూర్తి చేశాను. ఆ సర్టిఫికెట్లు గోడకి తగిలించి, వీధిలోకి ఒక బోర్డు పెట్టించాను. బోర్డు మీద నా పేరొక్కటే ఉంటుంది. ఇంటిపేరు కూడా వేస్తే అక్షరానికింత అవుతుందన్నాడు పెయింటరు.

లలిత కూడా ఆ కోపంతోనే వచ్చింది. కాకపోతే ఆమె కథ నేను అంతకుముందు విన్నది కాదు.

"మెయిన్ రోడ్డు మీద ఉన్నాడు చూడండి టీచరుగారూ, ఆ టైలరు నా ప్రాణం తీశాడండీ. ఆది జాకెట్టు ఇచ్చే కుట్టించాను. తెచ్చుకున్న రోజు అతికినట్టే ఉంటుంది. తర్వాత నెమ్మదిగా పట్టేస్తుంది. హుక్కులు పెట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాలి. మా అత్తయ్యగారేమో ఒళ్ళు చేశావే అమ్మాయ్ అని మురిసిపోతారు. సరే, రాత్రిళ్ళు అన్నం మానేశాను. పండక్కి మండపేట మా అమ్మ దగ్గరికి వెళ్తానా, నాలుగు రోజులు తిరక్కుండానే అదే జాకెట్టు వదులు! చిక్కిపోయావే తల్లీ, అక్కడ కడుపునిండా పెడుతున్నారా అని మా అమ్మ కళ్ళనీళ్ళు. అక్కడ తింటే చిక్కిపోవడమేంటండీ? ఇక్కడ మాడితే ఒళ్ళు రావడమేంటండీ?"

థైరాయిడ్ అనుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. రక్తం తీశారు. నార్మల్. బరువు చూశారు, యాభై ఎనిమిది కిలోలు. పుట్టింటి నుంచి రాగానే మళ్ళీ వెళ్ళి చూపించుకుంది. అప్పుడూ యాభై ఎనిమిదే. మీకేమీ లేదమ్మా, వెళ్ళి శుభ్రంగా భోంచేయండి అని పంపేశాడు డాక్టరు. ఈమెకి నమ్మకం కుదరలేదు. కాటా అబద్ధం చెప్పొచ్చు గానీ ఒంటిమీది జాకెట్టు అబద్ధం చెబుతుందా అని నన్నే అడిగింది.

చివరికి వాళ్ళాయన తేల్చాడట: లోపం నీ ఒంట్లో లేదు, ఆ టైలరు కుట్టులో ఉంది అని. ఆయనకి బట్టల సంగతి ఏమీ తెలియదు కాబట్టి ఆ మాట అంత గట్టిగా అనగలిగాడు. వెంటనే జాకెట్టు పట్టుకుని షాపు మీదకి దెబ్బలాటకి వెళ్ళింది.

"ఏమన్నాడు?" అన్నాను.

"టేపు పెట్టి కొలిచాడండీ. తిరగేసి లోపల కుట్టు చూశాడు. ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. విప్పి సరిచేసి ఇస్తానమ్మా, డబ్బులొద్దు అన్నాడు. తప్పు లేకపోతే డబ్బులెందుకు వద్దంటాడు? అక్కడే నలుగురిలో కడిగిపారేసి వచ్చాను. ఇక జన్మలో టైలరు గడప తొక్కను. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను."

నేనేం మాట్లాడలేదు. మొదటి నెల ఫీజు తీసుకుని రసీదు రాసిచ్చాను.

మొదటిరోజు పాఠంలో నేను మిషను ముట్టుకోనివ్వను. దాని కథ చెబుతాను. 1830లో ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అనే ఆయన కుట్టు మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. ఆయనా టైలరే. పారిస్‌లో మిషన్లు పెట్టి సైనికుల దుస్తులు కుట్టిస్తుంటే, మా నోటికాడి కూడు పోతుందని అక్కడి టైలర్లు మీదపడి మిషన్లు విరగ్గొట్టారు. "చూశారా, అప్పట్నుంచీ అంతే వాళ్ళు!" అంది లలిత. క్లాసంతా నవ్వింది. ఆ విరిగిన మిషన్లు కూడా ఒక టైలరువేనని ఎవరికీ తట్టలేదు. సరే, పాఠానికి అది అడ్డం కాదు కదా అని ముందుకెళ్ళాను. తిమోనియే మిషనుది ఒంటిదారం గొలుసు కుట్టు, ఒక కొస దొరికితే సర్రున ఊడొస్తుంది. మనం వాడేది రెండు దారాల కుట్టు. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు తీసుకున్నదీ, 1851 నుంచి సింగర్ ఇంటింటి పేరు కావడానికి కారణమైనదీ ఇదే పద్ధతి. సూదిలోంచి పైదారం దిగుతుంది, బాబిన్‌లోంచి కిందదారం వచ్చి గుడ్డ మధ్యలో దాన్ని పట్టుకుంటుంది. అందుకే పైన ఏ రంగు కనిపిస్తున్నా కింద బాబిన్‌లో ఏ రంగు ఉంటే ఆ రంగు పడుతుంది. ఈ ముక్క రాసుకోమన్నాను. లలిత రాసుకుంది కూడా.

ఆ పిల్ల చెయ్యి మంచిది. దారం లేకుండా గీతల నోటుబుక్కు కాయితం మీద కుట్టమంటే గీత తప్పలేదు. చక్రం వెనక్కి తిరిగి దారం తెంపుకోవడం అందరికన్నా ముందు మానేసింది. గలీబులు, లోపలి లంగాలు, పసిపిల్లల జబ్లాలు అయ్యాక జాకెట్టు దగ్గరికి వచ్చాం. పక్క కుట్టు లెక్క బోర్డు మీద వేశాను. కుట్టు పావంగుళం లోపలికి జరిపితే జాకెట్టు ఎంత బిగుస్తుంది? పావంగుళమే అని అందరూ అన్నారు. కాదు. కుడిపక్క ముందు ముక్కలో పావు, వెనక ముక్కలో పావు. ఎడంపక్కా అంతే. చుట్టూ కలిపి పూర్తిగా ఒక అంగుళం. ముప్ఫై ఆరు జాకెట్టు ముప్ఫై అయిదైపోతుంది. పావంగుళం బయటికి జరిపితే ముప్ఫై ఏడు. మనిషి మారక్కర్లేదు, పావంగుళం మారితే చాలు.

లలిత పెన్ను ఆగింది. ఏదో అడగబోయి మానేసింది.

నా దగ్గర జాకెట్టు కుట్టేముందు ఒక జాకెట్టు విప్పాలి. ఎక్కడ ఏ ముక్క ఎలా అతికిందో విప్పితే తెలిసినంతగా బోర్డు మీద చెబితే తెలియదు. పనికిరాని పాత జాకెట్టు తెచ్చుకోమంటే, మర్నాడు లలిత ఎర్ర పట్టుజాకెట్టు తెచ్చింది. పెళ్ళినాటిదట. "ఎలాగూ పట్టదు కదండీ" అంది. సగం బ్లేడు ఇచ్చాను. కోసేముందు తిరగేసి చూడు, లోపల ఏముందో చెప్పు అన్నాను.

బుద్ధున్న టైలరు పక్క కుట్టులో అంగుళానికి తక్కువ కాకుండా గుడ్డ వదులుతాడు. వదిలి, పావంగుళం ఎడంలో మూడో నాలుగో వరసలు కుట్టేసి పెడతాడు. రేపు పురుడొచ్చి ఒళ్ళు చేసినా లోపలి వరస ఒకటి విప్పుకుంటే చాలు, షాపుకి కూడా రానక్కర్లేదు. అంటే ముందుచూపుతో తన రాబడి తనే తగ్గించుకుంటాడన్నమాట. ఆ సంగతి మాత్రం రిజిస్టరు దగ్గర ఒక్కరూ చెప్పరు.

ఆ ఎర్ర జాకెట్టులోనూ నాలుగు వరసలు ఉండాలి. బయటి మూడూ ఉన్నాయి, సన్నటి కుట్టు, మొదలూ చివరా రెండేసి పోట్లు వెనక్కి వేసి బిగించి మరీ. ఆ చెయ్యి నాకు చూడగానే తెలుస్తుంది. నాలుగోది, అసలు కొలతకి నిలబడాల్సిన వరస, దారం లేదు. సూది రంధ్రాలు మాత్రం ఉన్నాయి. నూలు గుడ్డయితే నాలుగు ఉతుకులకి పూడిపోయేవి. పట్టుకి ఒకసారి సూది దిగిందంటే ఆ మచ్చ పోదు.

"ఇది ఎవరో విప్పారు" అన్నాను. "టైలరు విప్పితే పోగులు అక్కడే వేలాడతాయి. ఇక్కడ ఒక్కటీ లేదు."

లలిత వేలు పెట్టి తడిమింది. "బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరేశారండీ" అని, ఆ మాట తన నోటే వచ్చాక ఆగిపోయింది. "మా అమ్మ ఇస్త్రీ చేసి పెడతానని ప్రతిసారీ జాకెట్లన్నీ తీసుకుంటుంది."

ఇంకా లోపలికి చూడమన్నాను. అసలు వరసకి ఇవతల, ఉండకూడని చోట, ఇంకో కుట్టు ఉంది. అదే ఇప్పుడు జాకెట్టుని పట్టుకుని ఉన్నది. పొడుగు పొడుగు పోట్లు. ఒకవైపు నుంచి చూస్తే ఎర్రదారం. తిప్పి చూస్తే తెల్లదారం.

లలిత చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

"మా అత్తయ్యగారి చేతిమిషనండీ. గలీబులు కుట్టుకోవడానికి బాబిన్‌లో ఎప్పుడూ తెల్లదారమే ఉంటుంది."

ఆ వరస పక్కన మళ్ళీ రంధ్రాలు. వాటి పక్కన ఇంకో వరస రంధ్రాలు. లలిత వేలు ఒక్కో వరస మీదా పెట్టి చెప్పుకుంటూ పోయింది. ఇది దసరాకి అమ్మ విప్పింది. ఇది వచ్చాక అత్తయ్యగారు బిగించింది. ఇది సంక్రాంతి. ఇది మా తమ్ముడి పెళ్ళి. పిల్ల ఒళ్ళు చేస్తే అత్తారింటికి పేరు, చిక్కిపోతే పుట్టింటికి మాట. ఆ పేరూ ఈ మాటా కలిసి పావంగుళం మేర గుడ్డని జల్లెడ చేసి పెట్టాయి. ఒకావిడ చేసింది ఇంకొకావిడకి తెలియదు. జాకెట్టు బిగిసిందంటే పిల్ల నిజంగానే ఒళ్ళు చేసిందని ఈవిడ, వదులైందంటే నిజంగానే చిక్కిందని ఆవిడ అనుకున్నా అనుకుని ఉంటారు. తమ పావంగుళం తప్ప మిగతాదంతా నిజమే అన్నట్టు.

లలిత నవ్వడం మొదలుపెట్టింది. క్లాసులో మిగతావాళ్ళకి ఏమీ అర్థంకాలేదు. నవ్వు ఆపుకుని థైరాయిడ్ పరీక్షకి ఎంతైందో, ఎన్ని రాత్రిళ్ళు అన్నం మానేసిందో లెక్కేసుకుంది. ఆ తర్వాత టైలరు గుర్తొచ్చాడు. "ఆయన ఆ రోజు లోపల చూసి ఊరుకున్నది ఇందుకేనాండీ?" అంది. "అయ్యుంటుంది" అన్నాను.

సొంతంగా కుట్టుకున్న మొదటి జాకెట్టుకి లోపల గుడ్డ వదల్లేదు. పక్కల్లో కుట్టు దాకా కత్తిరించి అంచు ఓవర్‌లాక్ చేసేసింది. అలా కుడితే హయ్యరు గ్రేడులో మార్కులు పోతాయని కోప్పడ్డాను. "గుడ్డే లేకపోతే విప్పేదేముందండీ? బిగిస్తే మటుకు, నాకిప్పుడు కళ్ళున్నాయి" అంది.

ఆ జాకెట్టే కొడుకు అక్షరాభ్యాసానికి వేసుకుంది. నన్నూ పిలిచింది. పిల్లాడి చేత పలక మీద దిద్దించడం అయింది, వియ్యపురాళ్ళిద్దరూ వచ్చి నాకు అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. "చూశారా టీచరుగారూ, జాకెట్టెలా వేలాడుతోందో పిల్లకి. ఎముకలు తప్ప ఏం మిగిలాయి?" అని తల్లి ఈ చెవిలో. "మా ఇంటికొచ్చిన కొత్తలో ఊదితే పడిపోయేదండీ. ఇప్పుడు జబ్బ దగ్గర ఎంత నిండుగా ఉందో చూడండి" అని అత్తగారు ఆ చెవిలో. నేను చూశాను. ముప్ఫై ఆరు కొలతకి ముప్ఫై ఆరు జాకెట్టు, నూలు పోగు తేడా లేదు.

లలిత లోపలికి వెళ్ళి ఎర్ర పట్టుజాకెట్టు తెచ్చింది. తిరగేసి ఇద్దరి ఒళ్ళోకీ వచ్చేలా పరిచింది. "అమ్మా, అత్తయ్యా, కుట్టు నేర్చుకున్నాక ఇది కనిపించింది. ఏమిటో మీరే చెప్పండి."

అత్తగారి బొటనవేలు తెల్లదారం మీద ఆగింది. తల్లి కళ్ళు రంధ్రాల మీద ఆగాయి. తర్వాత అత్తగారు రంధ్రాలు చూసింది, తల్లి తెల్లదారం చూసింది. ఇద్దరూ తలలెత్తి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరి గుట్టు వాళ్ళదే అనుకున్నవాళ్ళకి ఎదుటివాళ్ళది కూడా తెలిసిపోయింది. ఇంకేముంది, పెళ్ళినాటి పెట్టుపోతల దగ్గర్నుంచీ ఇప్పుడు మొదలవుతుందని నేను కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాను.

"హవ్వ! ఆ టైలరు వెధవ ఎంత పని చేశాడు వదినగారూ" అంది తల్లి.

"అదేనండీ వదినగారూ, పట్టుగుడ్డని పాడుచేశాడు" అంది అత్తగారు. "కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. చేతకానివాడు."

"నాకు మొదట్నుంచీ అనుమానమే."

"నాకూను."

పెళ్ళై ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడగా లలిత ఎప్పుడూ చూడలేదట. నోరు తెరిచి నా వైపు చూసింది. అత్తగారు కూడా నా వైపే తిరిగింది.

"మీరు తెలిసినవాళ్ళు, మీరు చెప్పండి టీచరుగారూ. మెయిన్ రోడ్డు మీద షాపు పెట్టుకుని ఇలాగేనా కుట్టేది? అతన్ని ఎవరో ఒకరు మొహం మీద అడగొద్దూ?"

"అడుగుతానండీ" అన్నాను, పులిహోర ప్లేటు అందుకుంటూ. "ఆయన రాత్రి భోజనానికి ఇంటికే వస్తారు."