పొగ పెరిగింది, అంకె తగ్గింది

సెబీ పుణ్యమా అని 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ఎంత కరెంటు వాడాయో, ఎన్ని నీళ్లు తోడాయో, ఎంత పొగ వదిలాయో, ఎంత చెత్త పోశాయో ఏటా చెప్పాల్సిందే. చెబుతున్నాయి కూడా. ఇందుకు సెబీ ఇచ్చిన ఫారంలో మొత్తం టన్నులూ అడుగుతారు, టర్నోవర్ రూపాయికి ఎంతో కూడా అడుగుతారు. మొదటిది పట్టికలో నక్కి కూర్చుంటుంది. రెండోది దిగిందంటే చాలు, పచ్చటి ఆకు బొమ్మ పక్కన మెరుస్తుంది. ఓ సిమెంటు కంపెనీ నిరుడు కోటి టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలి 10,000 కోట్ల సరుకు అమ్మిందనుకుందాం. ఈ ఏడు కోటీ 10 లక్షల టన్నులు, 12,500 కోట్లు. పొగ 10 శాతం పెరిగింది, రూపాయికి పొగ మాత్రం 12 శాతం తగ్గింది! బట్టీ అదే, బొగ్గూ అదే. బస్తా ధర పెంచితే చిమ్నీ దానంతటదే శుభ్రపడుతుందన్నమాట.

ఎదిగే కంపెనీని మొత్తం టన్నులతో కొలవడం అన్యాయం కదా అంటారు. సబబే. అయితే టన్ను సిమెంటుకి ఎంతో చెప్పండి. అక్కడ ధరల గారడీ సాగదు, క్లింకర్ తగ్గించి ఫ్లైయాష్ కలిపితేనో, బట్టీ మెరుగుపరిస్తేనో, అలాంటి నిజమైన మార్పేదైనా చేస్తేనో తప్ప ఆ అంకె దిగదు. వంద రకాల సరుకు చేస్తాం, దేంతో భాగించాలన్న సాకు మందుల కంపెనీకి కొంత చెల్లుతుంది గానీ సిమెంటుకి కాదు. ఇక నీళ్లు. ఎద్దడి ఉన్న ప్రాంతాల్లో ఎంత తోడారన్న ప్రశ్న ఫారంలో ఉంది, జవాబు మాత్రం ఐచ్ఛికం. ఇష్టం లేని వారు ఆ చోట మొక్కలు నాటుతున్న ఫొటో వేసుకోవచ్చు.