పన్నెండు పట్టదు, పదమూడు ఆగదు

పదకొండు రోజులుగా నా బతుకు ఒక్క బోల్టు చుట్టూ తిరుగుతోంది. బోల్టు మాత్రం తిరగడం లేదు.

12 పానా దాని తలకు పట్టదు. 13 పడుతుంది, పట్టి జారుతుంది, జారినప్పుడల్లా నా వేలి కణుపు పోయి ఛాసిస్‌కు కొట్టుకుంటుంది. "జెర వంచి పట్టు సార్" అని సలహా ఇచ్చినవాళ్లు ఝరాసంగంలో ఇప్పటికి ఆరుగురు. వాళ్లలో ఒక్కరూ పానా ముట్టలేదు. "ఎంతకిస్తవ్ సార్?" అని అడిగినవాళ్లను నేను లెక్కపెట్టడం మానేశాను.

కారు మా నాయనది. స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. 1961 నుంచి మద్రాసులో తయారైన రకం. రూపం దిద్దినవాడు ఇటలీకి చెందిన మికెలొట్టి. ఎవరైనా డొక్కు అనేలోపే నేను అందుకుంటాను: "ఇది స్పోర్ట్స్ కారు వంశం. దీని ఛాసిస్‌నే పొట్టి చేసి ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ చేసిన్రు." మా ఆవిడకూ ఇదే చెప్పాను. "అంటే కారు ఆళ్లుంచుకొని, కోసిన తోక మనకు పంపిన్రా?" అంది. వంశ చరిత్ర ఆమె దగ్గర మళ్లీ ఎత్తలేదు.

ఈ కారు నిండా బోల్టులే. దానికీ ఒక కథ ఉంది. హెరాల్డ్ కంపెనీకి బాడీలు చేసిపెట్టే కార్ఖానాను 1953లో పోటీ కంపెనీ కొనేసింది. మొత్తం బాడీ ఒకేచోట చేసిచ్చే దిక్కు లేక, ముక్కలు ముక్కలుగా తలా ఒకచోట చేయించి, ఛాసిస్ మీద పెట్టి బోల్టులు బిగించారు. అక్కడెవరో ఎవరినో కొంటే ఇక్కడ నా వేలు పగిలింది.

ఇంచుల గురించి రెండు ముక్కలు చెప్పాలి. (రెండుతో ఆగడు, లేచి పొండి అని ఇంట్లోంచి హెచ్చరిక.) మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్‌కు మారింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసా వచ్చింది. అణాలు పోయాయి, మైళ్లు పోయాయి. ఇంచు పోయిందా? మా బోరు ఆరున్నర ఇంచులు. నల్లా పైపు అర ఇంచు. టీవీ 43 ఇంచులు. చేను గుంటల్లో, చెరకు టన్నుల్లో, బంగారం తులాల్లో, మల్లెపూలు మూరల్లో. ఆ మూర కూడా పూలమ్మి చేతిది, కొనేవాళ్లది కాదు. గుడి ముందు పూలమ్మే ఆమె మూరకూ మా ఆవిడ మూరకూ జానెడు తేడా ఉందని ఇరవై ఏళ్లుగా వాదన నడుస్తోంది. అయినా ప్రతి సోమవారం కొంటూనే ఉంది. ఇన్ని కొలతలతో సర్దుకుపోయిన జాతి, ఒక్క పానా దగ్గర మాత్రం మిల్లీమీటరు పట్టుదలకు పోయింది.

నా బోల్టు తల అర ఇంచు. అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానాతో సందు 0.3. నా పదకొండు రోజులూ ఆ సందులోనే పడిపోయాయి.

అర ఇంచు పానాయే కొందామని జహీరాబాద్‌లో పాత సామాన్ల దుకాణానికి పోయాను. 1/2 అని అచ్చు వేసి ఉన్నదే ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే అందులో నా బొటనవేలు పట్టింది. అది విట్‌వర్త్ రకమట. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు దొర మొదలుపెట్టిన మరల సంప్రదాయం. ఆ పానా మీద వేసే అంకె బోల్టు ఒంటి లావు, తల వెడల్పు కాదు. టోపీ కొనబోతే నడుము కొలిచినట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బోల్టు బ్రిటన్ నట్టుకు ఎక్కక తిప్పలుపడి, 1948లో ఆ రెండు దేశాలూ కెనడా కూర్చుని ఉమ్మడి మర ఒకటి ఒప్పుకున్నాయి. హెరాల్డ్‌లో ఉన్నది అదే. ఆ సంతకాలకు ఝరాసంగం నుంచి ఎవరినీ పిలవలేదు.

పని మొదలుపెట్టకముందే కేతకీ సంగమేశ్వరుడి దగ్గర బండి పూజ చేయించాలని మా ఆవిడ పట్టుబట్టింది. శివపూజకు మొగలిపువ్వు పనికిరాదంటారు, మా ఊరి శివుడు మాత్రం కాదనడు. నలుగురూ వెలివేసినదాని మీద దయ ఉన్న దేవుడు గనక కారుకూ ఢోకా లేదనుకున్నాను. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా ముందు కొత్త బండి తొక్కించుకుంటూ పోయింది. మా నిమ్మకాయలు గంటసేపు నిక్షేపంగా ఉన్నాయి. చివరికి బీదర్ నుంచి వచ్చిన భక్తులు నలుగురు నెట్టి, ఆ పుణ్యం కట్టుకున్నారు.

ఇక ఉస్తాద్. జహీరాబాద్ నుంచి వస్తాడు. ఇంజను శబ్దం విని రోగం చెప్పే మనిషి, అందులో అనుమానం లేదు. ఎప్పుడవుతుందంటే మాత్రం "పర్సొం" అంటాడు. ఉర్దూలో పర్సొం అంటే ఎల్లుండి. మొన్న అన్నా పర్సొమే. ఆయన ఉద్దేశం ఏదో ఇంకా తేలలేదు.

పదో రోజు గ్యాస్‌తో ఎర్రగా కాల్చి, ఉలితో కొట్టి, ఆ బోల్టును ఊడదీశాడు. తల గుండ్రమై పప్పుగుత్తిలా ఉంది. దాని స్థానంలో ఆయన శిష్యుడు బజారు బోల్టు పెట్టాడు, 8 మిల్లీమీటర్లది. పాతది 7.94. ఎంత దగ్గర! మొదటి రెండు చుట్లు కొత్త అల్లుడు పండగకొచ్చినట్టు నవ్వుతూ లోపలికి పోయింది. మూడో చుట్టులో అలిగింది. బలవంతం చేస్తే చూడీ పోయింది.

"లేత్ మీద కోపియ్యాలె" అన్నాడు ఉస్తాద్.

లేత్ ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. పాత బోల్టును గోటితో గీరి, "ఇంచుకు 24 చూడీలు" అన్నాడు. గేజీ తర్వాత పెట్టి చూశాడు, 24 సరిగ్గా. "నా మిషన్ గూడ ఇంచులదే సార్, ఇద్దరం కలిసి ముసలోళ్లమైనం" అంటూ 20 పళ్ల గేరు ఒకటి, 120 పళ్లది ఒకటి మార్చి, కడ్డీ తిప్పడం మొదలుపెట్టాడు. నూనె పొగలో సన్నని ఇనుప చుట్టలు రాలుతుంటే నా సణుగుడు ఆగిపోయింది. బోల్టు తల ఎంత పెట్టాడని అడిగాను.

"కంపెనీ ఎంత పెడితే గంతే. అర ఇంచు." చేతిలో పెడుతూ అడిగాడు: "హెరాల్డ్ ఉన్న ఇంట్ల అర ఇంచు పానా లేకుంటెట్ల సార్? మీ నాయిన పెట్టె ఏమాయె?"

ఏమో తెలియదన్నాను. తెలుసు. నాయన పోయిన ఏడాది కొట్టం సర్దుతుంటే ఆ పెట్టె దొరికింది. మడిచిన గుడ్డలో పానాలు, ఒక్కోటీ నూనె రాసి. నాయన ఆదివారం పొద్దున వాటిని చాప మీద వరసగా పేర్చుకునేవాడు. నేను ముట్టుకుంటే, ఏది ఎక్కడ తీశావో అక్కడే పెట్టు అనేవాడు. మా మోటరుకు ఒక్కటీ సరిపోలేదు. ఆ రోజే ఆటో వచ్చింది, పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలంటూ. మూడు కిలోలిచ్చాడు. పులుసు చేసుకున్నాం.

ఈ పొద్దున మళ్లీ అదే మైకు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి, ఆటోలో ఇనుమంతా కెలికాను. నాగటి కర్రు, సైకిలు హ్యాండిలు, మూత లేని కుక్కరు. ఆటోవాడు నన్ను పట్టించుకోలేదు. మా వాకిట్లో ఇటుకల మీద నిలబడ్డ హెరాల్డ్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బానెట్ తట్టి వచ్చాడు.

"రెండు బస్తాలిస్త సార్" అన్నాడు. "నాసిక్ గడ్డ."