మరమ్మతుల మావయ్య

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగియగానే మా చుట్టాల్లో మరమ్మతుల మావయ్యకు గిరాకీ మొదలవుతుంది. పిల్లకి లాప్‌టాప్ కొనాలి. ఆయన్ని అడక్కపోతే అలుగుతాడు, అడిగితే మన ఆదివారం గోవిందా. ఇలాంటి మావయ్య మీకూ ఒకడు ఉండే ఉంటాడు.

షాపులో అందరూ తెర చూస్తారు, రంగు చూస్తారు. ఆయన లాప్‌టాప్‌ని బోర్లా తిప్పి మరలు లెక్కపెడతాడు. రైతుబజార్లో ప్రతి బెండకాయా కొన విరిచి చూసే మనిషి కాబట్టి, పక్కన నిలబడ్డ మనకే గుండె దడ.

"ర్యామ్ స్లాట్‌లో ఉందా, బోర్డుకి సోల్డర్ చేసేశారా?"

"చాలా స్లిమ్ సార్."

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి బాబూ?"

కొత్తవేవీ నచ్చక చివరికి అందరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి చేరతాం, సెకండ్‌హ్యాండ్ సరుకు కోసం. ఆయన ఇష్టదైవం 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480. దాని ముందుది, టీ470, చవగ్గా ఇస్తానన్నా వినడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మంగళం పాడేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి, టీ470లో ఏడో తరం దాకానే. పొరపాటున టీ480ఎస్ చూపించారో, అయిపోయారే. "ఆ చివర ఎస్ చూశావుటే అమ్మాయ్? కాస్త సన్నబడ్డానికి ఒక ర్యామ్ స్లాటూ, వెనకాల ఊడే బ్యాటరీ వదిలేసుకుంది" అని మెట్ల మీదే క్లాసు పీకుతాడు. చెప్పిందాంట్లో ఒక్క తప్పుండదు. అదే మన బాధ.

కొన్నాక హంగులు. రెండు స్లాట్లలోకి ర్యామ్, కొత్త ఎస్‌ఎస్‌డీ, వెనక బ్యాటరీ, మంచి ఐపీఎస్ తెర. అన్నీ కలిపితే ఎంతైందో అత్తయ్యకి మాత్రం ఎవరూ చెప్పకూడదు.

భోజనాల బల్లే ఆపరేషన్ థియేటర్. కంపెనీవాళ్ల సర్వీసు మాన్యువల్‌ని స్పైరల్ బైండింగ్ చేయించి పెట్టుకున్నాడు. ముందు బయాస్‌లోకి వెళ్లి లోపలి బ్యాటరీని ఆపుతాడు, తర్వాత మరలు వదులు చేసి పాత ఏటీఎం కార్డుతో అంచు లేపుతాడు. ఆ మరలు విప్పినా కింద పడవు, మూతనే పట్టుకుని వేలాడతాయి. వాటిని అందరికీ చూపించి మురిసిపోతాడు. అయినా అంతా బిగించాక బల్ల మీద ఒక మర మిగిలింది. మిక్సీదేమోనని అత్తయ్య అనుమానం.

ఇక అసలు తమాషా. టీ480కి లోపలొకటి, వెనకొకటి రెండు బ్యాటరీలు. నడుస్తుండగానే వెనకది పీకి మార్చొచ్చు. ఎవరైనా చుట్టం వస్తే చాలు, ఈ విద్య చూపించాల్సిందే. మొన్న మా చెల్లెలు అసైన్‌మెంట్ టైపు చేస్తుంటే "చూడు బావా" అంటూ మా నాన్న ఎదుట లాగేశాడు. తెర నల్లబడింది. లోపలి బ్యాటరీకి వయసైపోయిందని అప్పుడు బయటపడింది. చెల్లి ఏడుస్తుంటే ఆయన మొహం వెలిగిపోయింది, మళ్లీ మూత తీసే పని దొరికినందుకు.

ఆయన సొంత లాప్‌టాప్ ఎప్పుడూ మూత తీసే ఉంటుంది గనక రైలు టికెట్లు ఫోన్‌లోనే బుక్ చేసుకుంటాడు.

మీరు లాప్‌టాప్ కొనబోతుంటే ర్యామ్ మార్చుకోవచ్చా, బ్యాటరీ విడిగా దొరుకుతుందా అని తప్పకుండా అడగండి. మావయ్యకి మాత్రం కొన్నాకే చెప్పండి.